తాడు పట్టిన పాట

చింతలపాళెం చెంచురామయ్యకు చుట్ట అలవాటు లేదు, పేకాట రాదు, కోర్టు గుమ్మం ఎరగడు. ఉన్నదల్లా ఒక్కటే పిచ్చి. మగపిల్లలు గుంపుగా కూడి పాడుతున్నారంటే ఆయన కాళ్లు నేల మీద నిలవవు. ఒక్కడే పిల్లవాడు ఎంత తియ్యగా పాడినా "బాగుంది నాయనా" అని తల ఊపి తన దారిన పోతాడు. అదే పదిమంది కలిసి ఒక్క గొంతయ్యారా, మడవ తెగి మడిలో నీళ్లన్నీ పక్కవాడి చేలోకి పోతున్నా సరే, పాట అయ్యేదాకా కదలడు.

వినడంతో ఆగితే ఎవరికీ ఇబ్బంది లేకపోను. విన్నవాటిని పోల్చాలి. క్రిస్మస్ పండక్కి నెల్లూరు మిషన్ బడిలో హెబ్రోను మాస్టారు తన పిల్లలచేత పాడిస్తాడని తెలిసి బండి కట్టించుకుని వెళ్లాడు. చివరి బెంచీలో, చెప్పులు ఒళ్లో పెట్టుకుని, నోరు తెరుచుకుని విన్నాడు. మూలాపేటలో వేదపాఠశాల పిల్లల పారాయణం మూడేళ్లు వరసగా విన్నాడు. ఇక సొంత ఊళ్లో, బావమరిది రమణయ్య హార్మోనియం పెట్టి తయారుచేసిన భజన పిల్లలు ఉండనే ఉన్నారు. అన్నం కలుపుకుంటూ ఆ మాటే, గట్టు మీద నడుస్తూ ఆ మాటే.

"మిషన్ పిల్లోళ్లు నాలుగు గొంతులతో పాడతారు మే. నాలుగూ కలిసిన చోట యాడా అతుకు కనపడదు. వేదం పిల్లోళ్లది పెంకుల మీద వాన పడినట్టు ఉంటది, ఎవడు ఎప్పుడు ఊపిరి తీస్తాడో తెలవదు. మీ తమ్ముడి పిల్లోళ్లు మొదలు బాగానే పెడతారు గానీ, చరణం చివరికొచ్చేసరికి మాట మింగేస్తారు."

"వాళ్లు మింగేది సరే, నువ్వు మింగేది చూసుకో. పులుసు చల్లారిపోతుండాది" అనేది భార్య ఆదిశేషమ్మ.

"పులుసంటే గుర్తొచ్చింది. నిన్నటి దానికంటే..."

"దాన్ని కూడా పోల్చినావంటే రేపట్నుంచి మిషన్ బడికే పోయి తిను."

చెంచురామయ్య దైవభక్తి గలవాడు. పొద్దున్నే స్నానం చేసి రాములవారి పటం ముందు కూర్చోనిదే పచ్చి మంచినీళ్లు ముట్టడు. అక్కడ కూర్చున్నప్పుడు అప్పుడప్పుడూ ఒక సందేహం పీకేది. దేవుడి పేరు పాడేవాళ్లలో ఒకరిది ఎక్కువ, ఒకరిది తక్కువ అనడం తప్పా? తప్పే అయితే మనిషికి రెండు చెవులెందుకు, ఒకటి చాలదా? ఇదే మాట పటాన్ని అడిగేవాడు. పటం ఏమీ అనేది కాదు. ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టేనని ఆయన సర్దుకునేవాడు.

పంతొమ్మిది వందల అరవై ఒకటిలో, మాఘ పున్నమికి సముద్రస్నానం చేయడానికి మైపాడు వెళ్లాడు. చింతలపాళెం నుంచి నాలుగు మైళ్లు. మూడు మునకలు వేసి, సంకల్పం చెప్పుకుని, తడి పంచెతో ఒడ్డుకు వస్తుంటే ఉత్తరం వైపు నుంచి పాట వినిపించింది. ఒక సన్నని గొంతు ముందు పిలుస్తోంది. వెంటనే పది పన్నెండు గొంతులు బరువుగా దిగుతున్నాయి. మళ్లీ పిలుపు, మళ్లీ బరువు.

వెళ్లి చూస్తే బెస్తవాళ్లు వల లాగుతున్నారు. ఆ రోజు వేసింది తేలికపాటి వల. ఒక కొస తాడు పెద్దవాళ్లు పట్టుకున్నారు. రెండో కొస పన్నెండుమంది పిల్లలది. సముద్రం వైపు ముఖం పెట్టి, మడమలు ఇసకలో గుచ్చి, వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. అందరికంటే వెనకున్నవాడు గట్టు ఎక్కేసరికి తాడు వదిలి, నీళ్ల దగ్గరికి పరుగెత్తి, అందరికంటే ముందు మళ్లీ తాడు పట్టుకుంటున్నాడు. పాట మాత్రం ఎక్కడా తెగడం లేదు. పిలిచేవాడు చెంగడు, పదకొండేళ్లవాడు. తాత ముత్యాలయ్యదే ఆ వల.

"గంగమ్మ తల్లీ" అన్నాడు చెంగడు.

"ఐలా" అన్నారు పన్నెండుమంది, చెంగడితో సహా.

"గట్టెక్కించమ్మా."

"ఐలా."

చెంచురామయ్య వాళ్ల పక్కనే తనూ వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. వాళ్లు ముందుకు పరుగెత్తితే తనూ పరుగెత్తాడు. పంచె ఒంటిమీదే ఆరిపోయింది. అందరి ఊపిరీ ఒకేసారి లోపలికి పోతోంది, ఒకేసారి బయటికొస్తోంది. ఇది మిషన్ పిల్లలకు కూడా కుదరలేదు. వల ఒడ్డుకొచ్చి చేపలు కుప్పపోస్తుంటే ఆయన చేపలవైపు చూడనేలేదు. పొడి బట్టల మూట అక్కడే మరిచి ఇంటికొచ్చాడు.

మరుసటి వారం శ్రీరామనవమి ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి ఊరి పెద్దలు కూడారు. రామాలయం ధర్మకర్త పద్మనాభయ్య ఇంటి అరుగు మీద కూర్చున్నారు. నవమినాడు కళ్యాణం ముందు రమణయ్య పిల్లలు పాడడం ఏటా జరిగేదే. ఆ మాట ఇంకా పూర్తి కాకుండానే చెంచురామయ్య అందుకున్నాడు.

"ఈసారి మైపాడు పిల్లోళ్లను పిలిపిద్దాం. మన రమణయ్య పిల్లోళ్లు వాళ్ల ముందర ఆగరు."

రమణయ్యకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. "పోయినేడు మిషన్ పిల్లోళ్ల ముందర ఆగరన్నావు. అంతకుముందు వేదం పిల్లోళ్లు. ఈ ఏడు వల పిల్లోళ్లా? వచ్చే ఏటికి కప్పలు మిగిలుండాయి బావా."

అరుగంతా గొల్లుమంది. చెంచురామయ్యకు పౌరుషం వచ్చింది.

"ఎగతాళి కాదబ్బయ్యా. వాళ్లు నోరు తెరిస్తే మనిషి లేవడు."

పద్మనాభయ్య నిదానంగా మాట్లాడే మనిషి. "సరే చెంచురామయ్యా, పిలిపిద్దాం. రమణయ్య పిల్లోళ్ల తర్వాత వాళ్లు పాడతారు. ముహూర్తం దాకా జనం పందిట్లోంచి లేవకుండా కూర్చోబెట్టినారంటే ఏటేటా వాళ్లకు పందిట్లో చోటు. లేచిపోయినారనుకో, నువ్వేం చేస్తావు?"

"వచ్చే నవమి దాకా ఒకరి పాటను ఇంకొకరి పాటతో పోల్చను. రాములోరి ఆన."

నవ్వులు ఆగిపోయాయి. ఆయన్ను తిండి మానమన్నా ఇంత కష్టం కాదని అందరికీ తెలుసు. ఇంటికొచ్చి చెబితే ఆదిశేషమ్మ రెండు చేతులూ జోడించింది.

"వాళ్లు ఓడిపోతే కొబ్బరికాయ కొడతా సామీ" అని పటానికి చెప్పింది.

ఎన్నడూ లేని భయం అప్పుడు పట్టుకుంది చెంచురామయ్యకు. పందెం వేసింది వాళ్ల గొంతు మీద. కానీ పందిట్లో అట్లా చొక్కాల్లేకుండా, వెనక్కి నడుస్తూ, పాడితే బాగుంటుందా? తాను విన్న మంచి అంతా వాళ్లకు నేర్పితే ఇక తిరుగుండదు కదా అనుకున్నాడు. వారానికి రెండుసార్లు సైకిలు మీద మైపాడు వెళ్లాడు. మిషన్ పిల్లల్లా రెండు వరసల్లో పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక నిలబెట్టాడు. వేదం పిల్లల్లా కళ్లు మూసుకోమన్నాడు. భజన పిల్లల్లా చేతులు జోడించమన్నాడు. కదిలితే ఒప్పుకోలేదు.

పిల్లలు నీరసంగా పాడారు. సిగ్గుపడుతున్నారులే, పందిట్లో అదే సర్దుకుంటుందని అనుకున్నాడు. ముత్యాలయ్య పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటూ అంతా చూశాడు. ఒకటి రెండుసార్లు ఏదో అనబోయి ఊరుకున్నాడు.

నవమి వచ్చింది. పందిట్లో తాటాకుల చల్లదనం, పానకంలో మిరియాల ఘాటు, పిల్లల చేతుల్లో వడపప్పు. సీతారాముల విగ్రహాలను పీట మీద ఎదురెదురుగా కూర్చోబెట్టారు. మధ్యలో తెర పట్టడానికి పట్టుపంచె సిద్ధంగా ఉంది. ముహూర్తానికి ఇంకా గంట ఉందనగా రమణయ్య పిల్లలు పాడారు. బాగా పాడారు. చరణాల చివర ఒక్క మాట కూడా మింగలేదు. బావ మాటను రమణయ్య ఎంత గట్టిగా పట్టించుకున్నాడో చెంచురామయ్యకు అప్పుడు తెలిసింది. సంతోషం వేసింది, ఆ వెంటనే పందెం గుర్తొచ్చింది.

తర్వాత మైపాడు పిల్లలు లేచారు. ఊళ్లో ఇంటింటా అడిగి తెచ్చిన తెల్లచొక్కాలు తొడిగి ఉన్నారు. ఒకడికి మోకాళ్ల దాకా వచ్చింది, ఇంకొకడికి బొడ్డు దాటలేదు. రెండు వరసల్లో నిలబడ్డారు. కళ్లు మూశారు. చేతులు జోడించారు.

చెంగడు నోరు తెరిచాడు. మేకపిల్ల అరిచినట్టు వచ్చింది. తక్కినవాళ్లు ఒకడు ముందు, ఒకడు వెనక, ఒకడు మధ్యలో, వానకు వెరచి పరుగెత్తే కోడిపిల్లల్లా తలో దిక్కూ పోయారు. రెండో చరణానికి నలుగురే మిగిలారు. మూడోదానికి చెంగడు ఒక్కడే. వాడూ ఆగిపోయి తన కాళ్లవైపు చూసుకున్నాడు.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇద్దరు ముగ్గురు కండువాలు దులుపుకుని లేవబోయారు. చెంచురామయ్యకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పందెం పోతే పోయింది, ఆ పిల్లల ముఖాలు చూడలేకపోయాడు.

"కాసిన్ని పానకం తాపించు బావా, గొంతులు ఎండిపోయినట్టుండాయి" అన్నాడు రమణయ్య. ఎగతాళిగా కాదు, మంచిగానే.

అప్పుడు ముత్యాలయ్య లేచాడు. "గొంతు కాదయ్యా. చేతిలో తాడు లేదు."

"తాడా?"

"తాడు బిగిసినప్పుడు పాడతారు, వదులైనప్పుడు ఊపిరి తీస్తారు. అది లేకపోతే ఎప్పుడు పాడాల్నో వాళ్లకెట్ట తెలస్తది? అక్కడే చెప్దామనుకుంటి. తమరు నాలుగు చోట్ల విన్నోరు గదా, ఇదేందో కొత్త పద్ధతి కామోసని ఊరుకుంటి."

చెంచురామయ్యకు అప్పుడు అర్థమైంది. ఒకరి దగ్గర వరస, ఒకరి దగ్గర కళ్లు, ఒకరి దగ్గర చేతులు తెచ్చి వీళ్లకు అతికించి, వీళ్ల దగ్గరున్న ఒక్క తాడూ తీసేసింది తానే. పందిట్లోంచి బయటికి పరుగెత్తి, తన బండిలో గడ్డి కట్టే మోకు లాక్కొచ్చాడు.

మోకు చేతికి రాగానే వరసలు వాటంతటవే చెదిరిపోయాయి. కళ్లు తెరుచుకున్నాయి. పిల్లలు ఒకడి వెనక ఒకడు నిలబడ్డారు. చెంగడు తాడు ఊపి చూసి పెదవి విరిచాడు.

"అవతల బరువు లేదు తాతా."

ఎవరో మోకు రెండో కొస పందిరి గుంజకు కట్టబోయారు. "గుంజకు కట్టినారంటే పందిరి రాములోరి నెత్తిన పడతది" అని పద్మనాభయ్య కేకేశాడు. బండికి కడదామంటే బండి పందిట్లోకి రాదు. అందరూ తలా ఒకటి చెబుతుండగా రమణయ్య పిల్లల్లో పొడుగాటివాడు ముందుకొచ్చి రెండో కొస పట్టుకున్నాడు. "బరువు మేముంటాం. ఎట్ట లాగుతారో లాగండి చూద్దాం" అన్నాడు. వాడి వెనక తక్కిన పధ్నాలుగుమందీ చేరిపోయారు. రమణయ్య ఆపేలోపే మోకు బిగిసింది.

"రామయ్య పెళ్లీ" అన్నాడు చెంగడు.

"ఐలా."

పందిరి తాటాకులు అదిరినట్టయింది. లేవబోయినవాళ్లు ఆగిపోయారు.

"రాజుల పెళ్లీ."

"ఐలా."

మైపాడు పిల్లలు ఒక అడుగు వెనక్కి వేశారు. ఊరి పిల్లలు ఒక అడుగు ముందుకు జారారు. పళ్లు బిగబట్టి లాగబోయారు. కానీ లాగాలంటే వాళ్లకూ పట్టు కావాలి, పట్టు కావాలంటే పాట కావాలి. మూడో పిలుపుకు వాళ్లూ "ఐలా" అన్నారు. ఇటు పన్నెండు, అటు పదిహేను. హార్మోనియంకు అలవాటుపడిన ఆ సన్నగొంతులు, ఉప్పుగాలికి ముదిరిన ఈ బొంగురుగొంతుల మీద ఎక్కి కూర్చున్నాయి. చెంచురామయ్యకు ఒళ్లంతా చక్కిలిగింతలు పెట్టినట్టయింది. నేల మీద ఉన్నాడో ఆకాశంలో ఉన్నాడో తెలియలేదు.

మైపాడు పిల్లలు వెనక్కి నడిచి నడిచి పందిరి దాటారు. చివరివాడు తాడు వదిలి, జనం మధ్యగా పరుగెత్తుకొచ్చి, ముందు పట్టుకున్నాడు. వాడిని చూసి ఊరి పిల్లల్లో ఒకడు కూడా వదిలి పరుగెత్తాడు, ఎందుకో వాడికే తెలియదు. పాట వీధిలోకి పోయింది. పాట వెనక జనం పోయారు. ముందు పిల్లలు, తర్వాత ఆడవాళ్లు, ఆ తర్వాత డోలు భుజాన వేసుకుని మేళంవాళ్లు. మేళంవాడు అడుగుకొక దెబ్బ వేయడం మొదలుపెట్టాడు.

వీధి మలుపు దగ్గర చెంగడికి రామయ్య పెళ్లి మాటలు అయిపోయాయి. అయిపోతే ఏం చేయాలి? రోజూ వల దగ్గర పాడే చేపల పేర్లు నోటికి వచ్చేశాయి.

"చందువ వచ్చే."

"ఐలా" అన్నారు జనం.

"వంజరం వచ్చే."

"ఐలా."

"సొరసేప సూడూ."

"ఐలా" అన్నది అందరికంటే గట్టిగా ఆదిశేషమ్మ. నవమి ఉపవాసం, పొద్దుటినుంచి మంచినీళ్లు తప్ప ముట్టలేదు. ఏమన్నదో ఆమెకు నాలుగడుగులు పోయాక తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పక్కావిడ భుజం మీద వాలి, కళ్ల నీళ్లొచ్చేలా నవ్వింది. పద్మనాభయ్య అంతటివాడు కూడా సొరచేప దగ్గర "ఐలా" అనేశాడు. తర్వాత ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసుకుని, అందరూ అన్నారని తెలిసి ధైర్యం తెచ్చుకుని, ఇంకోసారి అన్నాడు.

కాలువ గట్టు దాకా పోయాక వెనకనుంచి పూజారి పరుగెత్తుకొచ్చాడు, ఒక చేత్తో జారిపోతున్న మడిపంచె పట్టుకుని.

"ముహూర్తం దాటిపోతుండాది. పందిట్లో నేనూ రాములోరూ తప్ప పురుగు లేదు."

పాట నిలిచిపోయింది. మోకు నేల మీద పడింది. ఊరంతా ఒక్క పరుగున వెనక్కొచ్చింది. మంగళసూత్రధారణ వేళకు జనం రొప్పుతూ, చెమటలు కక్కుతూ, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూసుకోకుండా కూర్చున్నారు. మైపాడు పిల్లలూ ఊరి పిల్లలూ కలిసిపోయి ఉన్నారు. తలంబ్రాలు వాళ్ల నెత్తిన కూడా పడ్డాయి.

కళ్యాణం అయ్యాక పద్మనాభయ్య గొంతు సవరించుకున్నాడు. "పందెం సంగతి తేల్చాలి. ముహూర్తం దాకా జనం పందిట్లోంచి లేవకూడదని గదా మాట? జనం మొత్తం లేచిపోయినారు. పూజారి గారు తప్ప ఒక్కరు మిగల్లేదు. చెంచురామయ్య ఓడిపోయినట్టే."

"అదెట్టబ్బా?" అని లేచినవాడు రమణయ్య. "బాగలేక లేచిపోవడం వేరు, పాట లాక్కుపోతే లేచిపోవడం వేరు. బావ గెలిచినాడు. నా పిల్లోళ్లనే తాడు పట్టి ఈడ్చుకుపోతే ఇంకా గెలవలేదంటే ఎట్ట?"

"పందిట్లో కూర్చోబెట్టడమనే గదా మాట?"

"ఎవురు బాగా పాడినారో బావనే చెప్పమనండి. ఆయనకంటే తెలిసినోళ్లు లేరు."

అందరూ చెంచురామయ్యవైపు తిరిగారు. ఆయన నోరు తెరిచాడు. ఇటు పన్నెండు గొంతులు గుర్తుచేసుకోబోయాడు. విడిగా రాలేదు. అటు పదిహేను గుర్తుచేసుకోబోయాడు. అవీ రాలేదు. ఎంత వెతికినా ఇరవై ఏడూ కలిసే వస్తున్నాయి.

"ఓడిపోయినాను. రాములోరి ఆన పెట్టి అన్న మాట గదా, ఓడిపోయినట్టే" అన్నాడు, ముఖమంతా నవ్వుతో.

అయినా మైపాడు పిల్లలకు ఏటా పందిట్లో చోటు ఉండాలని పద్మనాభయ్యే అన్నాడు. కాకపోతే మోకు అవతలి కొస రమణయ్య పిల్లలే పట్టుకోవాలట. సొరచేప పాటలో ఉండకూడదని పూజారి అంటే, ఉంటేనే బాగుందని ఆడవాళ్లంతా అన్నారు. ఆ తగవు ఇంకా తేలలేదు.

చెంచురామయ్య మాట నిలబెట్టుకున్నాడు. మొదటి వారం ఆదిశేషమ్మకు స్వర్గంలా ఉంది. పులుసు వేడివేడిగా తిన్నాడు. రెండో వారం ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉన్నట్టు తోచింది. మూడో వారం ఆమే కదిపింది. "అయితే మిషన్ పిల్లోళ్ల కంటే మైపాడు పిల్లోళ్లు గొప్పంటావా?" ఆయన మజ్జిగ తాగాడు. "వేదం పిల్లోళ్ల ముందర ఇద్దరూ దిగదుడుపేనేమో?" ఆయన గిన్నెలో అడుగు దాకా తాగి, గోడవైపు చూశాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

రమణయ్య తన పిల్లలను ఆదివారాలు మైపాడు తీసుకుపోయి వల లాగించడం మొదలుపెట్టాడు. ఒక ఆదివారం ఆదిశేషమ్మ కూడా వస్తానంది. ఇద్దరూ బండి దిగి ఇసకలో కూర్చున్నారు. రెండు ఊళ్ల పిల్లలూ ఒకే తాడు మీద ఉన్నారు. పాట అలల మీదుగా వచ్చి తాకుతోంది. చెంచురామయ్య నోట్లో మాటలు పొంగి వస్తుంటే కండువా కొస పళ్లమధ్య పెట్టుకున్నాడు.

ఆదిశేషమ్మ చాలాసేపు చూసింది.

"మన పిల్లోళ్లు లాగేటప్పుడు నేల చూస్తుండారు" అంది నెమ్మదిగా. "వీళ్లు తలెత్తి, వల యాడిదాకా వచ్చిందా అని సముద్రం చూస్తుండారు. అందుకే వీళ్ల గొంతు అంత దూరం పోతుండాది. వాళ్లది ముందరున్నోడి వీపుకు తగిలి పడిపోతుండాది."

చెంచురామయ్య నోట్లోంచి కండువా జారిపోయింది. ఇన్నేళ్లుగా నెల్లూరు దాకా తిరిగి విన్నవాడికి ఈ మాట తోచలేదు. ఔననాలి, ఔనంటే అది పోల్చినట్టే. కాదనడానికి మనసు రాదు. ఆమెకు కాస్త దగ్గరగా జరిగి కూర్చున్నాడు.

"ఇంకా?" అన్నాడు.